ముందు కొలత, వెనక కొలత

మూడో సొరంగం, చంద్రుడు. కొలతల గది పుస్తకం. రాస్తున్నది దాలినాయుడు, కొలతగాడు.

ఓడకు ఇంకా 16 రోజులు

పైడమ్మ అప్ప దిగింది. ఇవాళ పొద్దున్న 155.4. భూమ్మీద ఆమె అసలు ఎత్తు 154.2. అసలు ఎత్తుకు ఒకటిన్నర సెంటీమీటరు లోపల ఉన్నవాళ్లకే ఓడలో సీటు. పన్నెండు రోజుల కిందట ఆమె 158.6. ముద్ర వేశాను.

ఇక్కడ ఒంటి బరువు ఆరో వంతు. పూసల మధ్య ఉండే డిస్కులను నొక్కే బరువు లేక అవి ఉబ్బుతాయి, వెన్ను సాగుతుంది. వచ్చిన ఏడాదికల్లా ప్రతివాడూ నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతాడు. సాగిన వెన్నుతో భూమికి వెళితే డిస్కులు చిట్లి బయటికొస్తాయి కాబట్టి, వెళ్లాలనుకున్నవాళ్లు రోజూ బరువు చక్రంలో గంటసేపు గిర్రున తిరుగుతూ, ఆ బరువుకు వెన్ను అణిగి మళ్లీ అసలు ఎత్తుకు దిగాలి. పైడమ్మ అప్ప రెండు గంటలు తిరుగుతుంది. అయినా దిగక నాలుగు ఓడలు ఆమెను వదిలేసి వెళ్లిపోయాయి. అందుకే ఈ రోజు సొరంగం మొత్తం పండగలా ఉంది. దిగినవాళ్లు సొరంగంలోని తొంభై మందికీ బెల్లం పంచాలి, మొదటి ముక్క కొలతగాడి నోట్లో పెట్టాలి. పెట్టింది. తిన్నాను.

"పంతులమ్మనైపోనాను రా!" అంది.

పలాసలో వెల్డింగు బడి తెరుస్తున్నారు. చంద్రుడి మీద ఇరవై మూడేళ్లు అతుకులు వేసిన మనిషని, పెద్ద పంతులమ్మగా రమ్మన్నారు. ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి. ఆ ఉత్తరాన్ని నాచేత పదిసార్లు చదివించుకుంది.

సీట్లు ఎనిమిది. ఆమెది ఎనిమిదోది. జాబితాలో తొమ్మిదో పేరు నాది. కడుపులో కాస్త మండిన మాట నిజం. సూపర్వైజరు తవుడు గారు ఇది కొలతల పుస్తకమే గానీ కథల పుస్తకం కాదని రెండుసార్లు హెచ్చరించారు. ఆయన అంకెలు తప్ప మరేమీ చదవరు కాబట్టి ఇలా రాసుకుంటున్నాను.

13 రోజులు

ప్రయాణపు సూటు సరిచేయడం కూడా నా పనే. రెండు కొలతలు తీసుకోవాలి. ముందు కొలత మెడ గుంట నుంచి నడుము పట్టీ దాకా. వెనక కొలత, తల వంచితే మెడ అడుగున పొడుచుకొచ్చే పెద్ద పూస నుంచి నడుము పట్టీ దాకా. దిగినవాళ్లకు రెండూ కలిసే తగ్గుతాయి. డిస్కు అణిగితే అన్ని వైపులా అణుగుతుంది కదా.

పాత సూటు కొలతలతో పోలిస్తే పైడమ్మ అప్పకు వెనక కొలత అర సెంటీమీటరు తగ్గింది. ముందు కొలత నాలుగు తగ్గింది.

టేపు మార్చి మళ్లీ తీశాను. అదే అంకె. సూటు ఛాతీ దగ్గర మడతలు పడుతోంది, వీపు మీద చిరిగేలా బిగుసుకుంటోంది. మెడ రింగు గడ్డానికి ఆనుతోంది.

"పొట్ట పెరిగిపోనాది, అంతే," అంది. "బెల్లం నాను కూడా తిన్నాను కదరా."

పొట్ట పెరిగితే ముందు కొలత పెరగాలి, తగ్గకూడదు. ఆ మాట పైకి అనలేదు. నా కొలతలో మిల్లీమీటరు తేడా ఉండదని పందొమ్మిదేళ్లుగా గొప్పలు చెప్పుకుంటున్న మనిషిని. ముద్ర వేసిన మూడు రోజులకే నోరు విప్పడానికి సిగ్గేసింది.

12 రోజులు

రింగు మార్చాలని అబద్ధం చెప్పి పిలిపించాను. ఆమెను గోడకు ఆని నిలబడమన్నాను.

మా ఎత్తు కొలిచే స్తంభం సన్నటి గొట్టం. పైనుంచి ఒక పలక జారి నడినెత్తిన ఆగుతుంది. తల ముందుకు వంగి ఉందో, వీపు గూనిపోయి ఉందో దానికి అక్కర్లేదు. ఇన్నేళ్లలో నేను ఎవరినీ గోడ దగ్గర నిలబెట్టి చూడలేదు.

మడమలు ఆనాయి. పిరుదులు ఆనాయి. తల ఆనలేదు. తలకూ గోడకూ మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి. తర్వాత ఆమెనే చెయ్యి పెట్టి చూసుకోమన్నాను, అడుగు పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య ఎంత ఖాళీ ఉందో. నాకు నాలుగు వేళ్లు పడతాయి. ఆమెకు ఒక్క వేలు కూడా కష్టంగా దూరింది.

"అప్పా, ఈ మధ్య ఏదైనా బరువు ఎత్తావా?"

"గ్యాసు సిలిండరు. ఎత్తనేదు, ఊగుకుంటా మీదికొచ్చీస్తంటే ఆపినాను." ఇక్కడ వస్తువులకు బరువు తక్కువే గానీ ఊపు తక్కువ కాదు, కొత్తవాళ్లకు మొదట నేర్పేది అదే. "ఆపీసరికి నడి ఎన్నులో టక్కుమన్నాది. దిగుడు సప్పుడు రా! ఎంత సంబరపడ్డానో. తరవాత మరో రెండుసార్లు ఇన్నాను."

దిగుడు చప్పుడు. సొరంగంలో అందరికీ తెలిసిన మాటే. వెన్ను సర్దుకుని కిందికి దిగేటప్పుడు టక్కుమంటుందని, అది వినిపించినవాళ్లు అదృష్టవంతులని పెద్దవాళ్లు చెబుతారు. నేనూ ఎంతమందికో చెప్పాను.

"నొప్పి ఉందా?"

ఆమె తలుపు వైపు చూసింది. "పుస్తకంలోకా, నీకా?"

"నాకు."

"తొంగుంటే ఉండదు," అంది.

పుస్తకంలో 'నొప్పి: లేదు' అని రాశాను. అందరికీ అలాగే రాస్తాను. నొప్పి ఉందని ఒక్కసారి పడిందంటే ఆ పేరు ఓడ జాబితాలోంచి శాశ్వతంగా పోయినట్టే. అందుకే తొంభై మంది ఉన్న ఈ సొరంగంలో ఒక్కడికీ నొప్పి లేదు. రోజంతా సిలిండర్లు మోసి, బోర్లా పాకి, తల పైకెత్తి అతుకులు వేసేవాళ్లు. ఒక్కడికీ లేదు.

10 రోజులు

పాత పుస్తకాలు తిరగేశాను. చెయ్యకుండా ఉండాల్సిందేమో.

నా చేతి రాతలో పందొమ్మిదేళ్ల కొలతలు ఉన్నాయి. మామూలుగా ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున దిగుతారు. నెల తిరక్కుండానే మూడు సెంటీమీటర్లు దిగినవాళ్లు ఏడుగురు. ఏడుగురి బెల్లమూ తిన్నాను. వాళ్ల సూటు కొలతలు పక్కనే ఉన్నాయి, కలిపి చూడాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. ముగ్గురికి ముందూ వెనకా సమానంగా తగ్గాయి. నలుగురికి ముందు కొలత మాత్రమే తగ్గింది.

ఆ నలుగురిలో ఒకాయన సంగతి తెలియదు. ఒకామె వీపు పూర్తిగా వంగిపోయి కర్ర పట్టుకుని నడుస్తోందని విన్నాను. మిగతా ఇద్దరికీ ఓడ భూమికి దిగుతుండగానే కాళ్లు పడిపోయాయి.

ఆ ఇద్దరిలో ఒకడు సన్నాసప్పడు మావ. పదకొండేళ్లు నేనూ ఆయనా ఒకే గదిలో ఉన్నాం. ఆయన వెళ్లి నాలుగేళ్లయింది. కాళ్లు పోయాయని కబురు రాగానే ఇక్కడ అందరూ ఒకటే మాట అన్నారు. చక్రంలో సరిగ్గా తిరిగి ఉండడు, బద్ధకించాడు, ఒళ్లు బరువుకు ఓర్చలేకపోయింది. పైనుంచి వివరణ అడిగితే కొలతగాడిగా రాసింది నేనే. 'వ్యాయామంలో అశ్రద్ధ.' ఆ కాగితం నకలు కూడా దొరికింది. ఆయన ముందు కొలత ఐదు తగ్గింది. వెనక కొలత అసలు తగ్గలేదు. కింద నా సంతకం ఉంది.



8 రోజులు

నర్సు ఎస్తేరు దగ్గరికి వెళ్లి అన్నీ ముందు పెట్టాను. ఆమె చాలాసేపు అంకెలు చూసింది.

"ఇది దిగడం కాదు, నాయుడు గారూ. ఎముక విరగడం. ఇక్కడ ఎముకలు గుల్లబారతాయి. పూస ముందు భాగం నలిగి, వెనక భాగం అలాగే నిలబడుతుంది. అగ్గిపెట్టెని ఒక పక్క తొక్కితే ఎలా ఉంటుంది? అలా. అలాంటి పూసలు రెండు మూడు ఉంటే మనిషి ముందుకు వంగిపోతాడు."

"ఓడెక్కితే?"

"దిగేటప్పుడు భూమి బరువుకు నాలుగు రెట్లు పడుతుంది. నలిగిన ముక్క వెనక్కి జరిగితే అక్కడున్నది వెన్నుపాము. దాని మీద ముక్క పడితే కాళ్లు ఉండవు."

ఎక్స్‌రే తీస్తే తేలిపోతుంది. మా యంత్రం గొట్టం కాలిపోయి ఏడు నెలలైంది. కొత్తది ఈ ఓడలోనే వస్తోంది. వచ్చిన ఓడ ఐదు గంటల్లో తిరిగి వెళ్లిపోతుంది. ఆ లోపల యంత్రం బిగించడం కుదరదని ఎస్తేరు అంది.

భూమ్మీద డాక్టరుకు రాశాం. గంటలో జవాబొచ్చింది. 'ఎత్తు సరిగ్గా ఉందనీ, నొప్పి లేదనీ మీ పుస్తకమే చెబుతోంది. నేను ఇక్కణ్నుంచి చూడలేను. కొలతగాడు తన ముద్ర వెనక్కి తీసుకుంటే ప్రయాణం ఆపుతాం.'

తవుడు గారికి చెప్పాను. ఆయన నవ్వారు.

"తీసుకో మరి. ఎవలొద్దన్నారు? జాబితాలో ఎనక ఉన్నది నీ పేరే గదా."

7 రోజులు

పైడమ్మ అప్పకు ఈ రోజు పొద్దున్నే చెప్పాను. విరిగిందని, కాళ్లు పోవచ్చని, ఇంకో ఓడ దాకా ఆగమని.

ఆమె గట్టిగా అరుస్తుందనుకున్నాను. మెల్లగా మాట్లాడింది, దానికే భయమేసింది.

"పందొమ్మిదేళ్లు నువ్వు కొలిసినావు. ఎవలికీ ఇరగనేదు. నీ ముందు నా పేరు పడీసరికి ఇరిగిపోనాదా?"

"అది కాదప్పా..."

"నీకు వాన సూడాలనుంది. నాకు తెల్దా? రోజూ సెప్తావు. అడిగుంటే ఇచ్చీసీదాన్నేమో. ఇలగ సెయ్యాలా?"

అడిగినా ఇచ్చేది కాదు. కానీ నాకు వాన చూడాలనుంది, అది అబద్ధం కాదు. ఇరవై రెండేళ్ల వయసులో వచ్చాను. ముద్ర వెనక్కి తీసుకుంటే సీటు నాది. ఆ మాట తల్చుకున్నప్పుడల్లా ఒంట్లో ఒక వెచ్చదనం పుడుతోంది, వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

4 రోజులు

భోజనశాలలో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. నేను కూర వడ్డించుకుంటుంటే వెల్డర్లు "పాపం, దాలినాయుడికి వాన కావాలంట" అని వినపడేలా అనుకుంటున్నారు.

చెప్పాల్సింది చెప్పేశాను కదా, ఆమె ఒళ్లు ఆమె ఇష్టం అనుకున్నాను. సగం రోజు దాన్ని నిజంగా నమ్మాను, హాయిగా ఉంది. మధ్యాహ్నం ఆమె చక్రంలోంచి బయటికి రావడం చూశాను. తలుపు చట్రం పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క కాలే బయట పెట్టింది. చూస్తున్నానని గమనించి వెంటనే నవ్వు మొహం పెట్టి ఈల వేసుకుంటూ పోయింది. విరిగిన ఎముకల మీద ఇంకా రెండు గంటలు తిరుగుతోంది, పుండాకోరు. ఇంకొంచెం దిగితే మంచిదని.

ముద్ర వెనక్కి తీసుకుంటున్నట్టు రేపు రాస్తాను.

2 రోజులు

నిన్న రాయలేదు.

1 రోజు

రేపు వెళ్లేవాళ్లకు వీడ్కోలు భోజనం. తొంభై మందీ భోజనశాలలో ఉన్నారు. ఎనిమిది మందికీ దండలు వేశారు. కాగితం దండలే. పైడమ్మ అప్ప బల్లకు మోచేతులు ఆనించి కూర్చుంది. అలా ఎందుకు కూర్చుందో ఇప్పుడు నాకు తెలుసు.

పుస్తకం పట్టుకుని తవుడు గారి దగ్గరికి వెళ్లాను. ముద్ర వెనక్కి తీసుకోవడానికి అందరి ఎదుటా చదవాలని నియమం. ముందుగా నా సొంత పేజీ తీశాను.

"దాలినాయుడు. నొప్పి: ఉంది. ఆరేళ్లుగా. మెడ నుంచి ఎడమ భుజం మీదుగా బొటనవేలు దాకా. ఆ వేలికి స్పర్శ సగం లేదు. ఆరేళ్లూ లేదని రాసుకున్నది అబద్ధం."

తవుడు గారు కుర్చీలోంచి లేచారు. "ఏటి సేస్తన్నావురా? ఇది సదివీసినాక జన్మలో ఓడెక్కవు. తెలుసా?"

"తెలుసండి."

నిజంగా ఆ క్షణంలో ఏడుపొచ్చింది. వాన సంగతి అక్కడితో అయిపోయింది. రెండో పేజీ తీశాను. పైడమ్మ పేరు, తేదీ, ముద్ర వెనక్కి తీసుకుంటున్నట్టు రెండు ముక్కలు చదివాను. తర్వాత మిగతావీ చదివాను. నలుగురి పేర్లు, ముందు కొలత, వెనక కొలత, వాళ్లకేమైందో. సన్నాసప్పడు మావ పేరు దగ్గర ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టాను.

పైడమ్మ అప్ప దండ తీసి బల్ల మీద పడేసింది.

"గోడ కావాలా నీకు? దా, సూడు."

తనే నడిచి వెళ్లి గోడకు ఆని నిలబడింది. మడమలు ఆనించింది, నడుము ఆనించింది. తల వెనక్కి నెట్టింది. ఆనలేదు. గడ్డం పైకెత్తి నెత్తిని ఆనించబోయింది. "గడ్డం దింపాలమ్మా," అని ఎస్తేరు మెల్లగా అంది. దింపింది. మెడ నరాలు ఉబ్బేలా నెట్టింది, చెమట కారుతోంది, తలకూ గోడకూ మధ్య జాగా మాత్రం అలాగే ఉంది.

"ఈ గోడే వొంకర," అంది. "తవుడూ, నువ్వు నిలబడు."

తవుడు గారు నిలబడ్డారు. తల టప్పున గోడకు తగిలింది. ఆమె ఇంకొకరిని పిలిచింది. ఇంకొకరిని. వెల్డర్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు, ఒక్కొక్కరి తలా ఆనింది. ఏడో మనిషి తల ఆనలేదు. ముప్పై ఏళ్లు కూడా లేని కుర్ర ఫిట్టరు. వాడు మొహం తెల్లబోయి అలాగే నిలబడిపోయాడు. ఎస్తేరు వాడి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

పైడమ్మ అప్ప నేల మీద కూర్చుంది.

"పంతులమ్మా అని రాసినారురా ఉత్తరంలో," అంది. ఆమె పక్కన కూర్చోవాలనిపించింది గానీ ధైర్యం చాల్లేదు.

ఓడ రోజు

ఓడ వచ్చింది, వెళ్లింది. ఎనిమిదో సీటులో జాబితాలోని పదో పేరు మనిషి వెళ్లాడు. గోడ దగ్గర నిలబెట్టే పంపాను.

ఓడ వెళ్లి 3 రోజులు

కొత్త గొట్టం బిగించారు. మొదటి ఎక్స్‌రే పైడమ్మ అప్పది. మూడు పూసలు నలిగాయి. మధ్యదానిలోంచి ఒక ముక్క అప్పటికే వెనక్కి జరిగి, వెన్నుపాముకు వెంట్రుకవాసి దూరంలో ఆగి ఉంది. సూటు రింగులు కోసి ఆమెకు వీపు పట్టీ చేశాను. ఆరు నెలలు సిలిండరు ముట్టకూడదు, చక్రం ఎక్కకూడదు. ఎముక అతుక్కుని, మందులతో కాస్త గట్టిపడితే, పడుకుని వెళ్లే సీటులో పంపడం గురించి ఆలోచిస్తామని డాక్టరు రాశాడు. ఖాయమని రాయలేదు.

పట్టీ బిగిస్తున్నంతసేపూ ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గది బయట పదకొండు మంది వరసలో ఉన్నారు. పుస్తకంలో నొప్పి రాయించుకోవడానికి వచ్చారు.

5 రోజులు

ఇవాళ మాట్లాడింది. పట్టీ వదులైందని వచ్చి, నేను బిగిస్తుంటే అడిగింది.

"నన్ను ఆపినావు. బాగుంది. పంపీసినోల్లకి ఏటి సెప్పినావు?"

"ఏం చెప్పను అప్పా?"

"బద్దకించినాడని నువ్వు రాసినావు గదా. నువ్వే సెప్పు."

సన్నాసప్పడు మావకు ఫోను కలిపాను. మాట వెళ్లి జవాబు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. ఆయన నా గొంతు గుర్తుపట్టి సంబరపడ్డాడు. సొరంగం సంగతులు అడిగాడు, వంటశాలలో ఇంకా అదే పప్పా అన్నాడు. కుర్చీ చక్రాలు కిర్రుమనడం వినిపిస్తోంది. మాట్లాడనిస్తే ఇక చెప్పలేనని మధ్యలో ఆపి, మొత్తం ఒక్క ఊపున చెప్పేశాను. ఆయన ముందు కొలత, వెనక కొలత, దిగుడు చప్పుడు, నా ముద్ర, ఆ తర్వాత పైవాళ్లకు నేను రాసిన 'వ్యాయామంలో అశ్రద్ధ'. ఓడెక్కకముందే ఆయన వెన్ను విరిగి ఉందని, ఆ కాగితాలు నా చేతిలోనే ఉన్నాయని, నేను చూసుకోలేదని చెప్పాను.

మూడు సెకన్లు అయ్యాయి. ఇంకా చాలా సెకన్లు అయ్యాయి. లైను తెగిందేమో అనుకున్నాను. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"అలగైతే," అన్నాడు మావ, "నాను బద్దకించనేదన్నమాట."

"లేదు మావా."

మళ్లీ మూడు సెకన్లు.

"రోజూ గంటన్నర తిరిగీవోడిని రా. ఈలందరూ అంటంటే నాకే అనుమానమొచ్చీసింది. తిరిగినానా, తిరగనేదా అని." గొంతు దూరమైంది, ఎవరినో పిలుస్తున్నాడు. "ఒలే, ఇలగ రా. బేగి రా. దాలినాయుడు ఏటి సెప్తన్నాడో ఇను." కుర్చీ కిర్రుమంది, అత్త గొంతు ఏదో అడిగింది. మావ ఫోను ఆమె చెవి దగ్గర పెట్టినట్టున్నాడు.

"మల్లీ సెప్పురా. దీనికి ఇనబడనేదు."

మళ్లీ చెప్పాను.